ఈసీయూ మార్చిన తర్వాత ఇమ్మొబిలైజర్‌తో జత కలపడం ఎలా?

“అదే మోడల్ బండి నుంచి తీసిన ఈసీయూను తెచ్చి బిగించాను. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. ఒక్కోసారి అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతోంది. ఇప్పుడేం చేయాలి?” పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఈసీయూ అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె. ఇమ్మొబిలైజర్ అంటే సరైన తాళం లేకుండా ఇంజిన్ అందుకోనివ్వని భద్రతా వ్యవస్థ. చాలా సందర్భాల్లో ఈ ప్రశ్న నా దాకా వచ్చేసరికే పాత ఈసీయూ చేతులు మారిపోయి ఉంటుంది, లేదా తప్పు కోడ్ కొట్టీ కొట్టీ కొత్తది లాక్ అయి ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ప్రోగ్రామింగ్ కంటే దానికి ముందు చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. తాళంలోని చిప్‌కు సొంత బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఉన్న యాంటెన్నా చుట్ట సుమారు 125 కిలోహెర్ట్జ్ తరంగంతో దానికి శక్తినిచ్చి, ఒక ప్రశ్న పంపి, జవాబు తీసుకుంటుంది. ఆ జవాబును సరిచూసే ఇమ్మొబిలైజర్ కొన్ని బండ్లలో విడి పెట్టెగా, కొన్నింట్లో మీటర్ బోర్డులో, మరికొన్నింట్లో బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లో (లైట్లు, తలుపుల వంటివి చూసుకునే కంప్యూటర్‌లో) ఉంటుంది. జవాబు సరైనదైతే అది ఈసీయూకు తన రహస్య సంకేతంతో ఆ సంగతి చెబుతుంది. అప్పుడే ఈసీయూ ఇంజెక్టర్లను పనిచేయనిస్తుంది. అంటే తాళం, ఇమ్మొబిలైజర్, ఈసీయూ ఒకదానినొకటి గుర్తుపట్టాలి. వీటిలో ఒక్కటి మారినా మిగిలినవి దానిని పరాయిదిగానే చూస్తాయి.

కావలసినవి

- బండి మీ పేరిటే ఉన్నట్టు చూపే పత్రాలు, బండితో వచ్చిన తాళాలన్నీ.
- మల్టీమీటర్, 21 వాట్ల బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంపు.
- మీ కంపెనీ బండ్ల ఇమ్మొబిలైజర్ పనులు చేయగల స్కానర్. చవక కోడ్ రీడర్ తప్పులను చదువుతుంది కానీ జత కలపలేదు.
- వోల్టేజీని నిలకడగా ఉంచే పవర్ సప్లై. మామూలు బ్యాటరీ చార్జర్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. కారణం 5వ దశలో చెబుతాను.
- పాత ఈసీయూ నుంచి డేటా తీయగల ప్రోగ్రామర్, లేదా ఆ పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్. టంకం పనిలో చేయి తిరగనివారు ఈ భాగాన్ని సొంతంగా మొదలుపెట్టకపోవడమే మంచిది.

1. పాత ఈసీయూ నిజంగానే పోయిందని రుజువు చేసుకోండి

పోయిందని పక్కన పెట్టిన ఈసీయూలలో కొన్నింటికి ఏ దోషమూ ఉండదు. స్కానర్‌కు ఈసీయూ పలకకపోతే ముందుగా దాని కనెక్టర్ దగ్గర బ్యాటరీ వోల్టేజీ, మెయిన్ రిలే నుంచి వచ్చే సరఫరా, ఎర్త్ వైర్లు అన్నీ చూడండి. మల్టీమీటర్ ఒక్కటే చాలదు: లోపల ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుపై 12 వోల్టులు చూపిస్తుంది, కానీ 21 వాట్ల బల్బును వెలిగించలేదు. బల్బు మసకగా వెలిగితే దోషం వైరింగ్‌లో ఉంది.

తర్వాత సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల సరఫరా చూడండి. ఒక సెన్సర్ లోపల షార్ట్ అయితే ఈ సరఫరా కూలిపోయి, బాగున్న ఈసీయూ కూడా పోయినట్టు కనిపిస్తుంది. సెన్సర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ వెళ్లండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో దోషం దానిలోనే ఉంది. క్యాన్ వైర్లున్న (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట వైర్లున్న) బండి అయితే, బ్యాటరీ తీసేసి డయాగ్నస్టిక్ సాకెట్ 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవండి. ఈ పిన్నులు ఇంజిన్ నెట్‌వర్క్‌కు నేరుగా కలిసి ఉన్న బండిలో సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగి ఉన్నట్టు. సున్నాకు దగ్గరైతే షార్ట్.

ఈసీయూ పలుకుతూ పీ0513 లేదా పీ0633 వంటి కోడ్ ఇస్తుంటే, అది తాళాన్ని గుర్తించలేదని ఫిర్యాదు చేస్తోందే తప్ప చచ్చిపోలేదు. రెండో తాళంతో ప్రయత్నించండి, యాంటెన్నా చుట్ట కనెక్టర్ చూడండి. ఈసీయూ మార్చవలసిన అవసరమే రాకపోవచ్చు.

నిజంగానే పోయి ఉంటే, అది ఎందుకు పోయిందో తెలియకుండా ముందుకు వెళ్లకండి. కనెక్టర్‌లోకి చేరిన నీరు, షార్ట్ అయిన ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ వైరు, వీటిలో ఏది పాతదాన్ని కాల్చిందో అదే కొత్తదాన్నీ కాలుస్తుంది.

2. దారి ఎంచుకోండి

మీ ముందు నాలుగు దారులున్నాయి. పాతదాన్ని బాగుచేయించడం మొదటిది. అదే హార్డ్‌వేర్ ఉన్న మరో ఈసీయూలోకి పాతదాని డేటా మొత్తాన్ని నకలు చేయడం రెండోది. కొత్త ఖాళీ ఈసీయూ కొని కంపెనీ ఆన్‌లైన్ పద్ధతిలో ప్రోగ్రామ్ చేయించడం మూడోది. వాడిన ఈసీయూను బండికి కొత్తగా పరిచయం చేయడం నాలుగోది.

పాత ఈసీయూలో మెమరీ చిప్ చదవగలిగే స్థితిలో ఉంటే మొదటి రెండు దారులే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వాటిలో బండిలోని మరే భాగానికీ మార్పు జరిగిన సంగతే తెలియదు. బయట చూడటానికి సులువుగా కనిపించే నాలుగో దారే అందరినీ ఎక్కువగా ఏడిపిస్తుంది.

ఐదోది కూడా ఉంది: ఒకే బండి నుంచి ఈసీయూ, ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళం చిప్ మూడింటినీ సెట్టుగా తెచ్చి పెట్టడం. ఇమ్మొబిలైజర్ విడి పెట్టెగా ఉన్న పాత బండ్లలో ఇది బాగానే పనిచేస్తుంది. అది మీటర్ బోర్డులో ఉంటే మాత్రం పాత బండి తిరిగిన కిలోమీటర్లు కూడా మీ బండికి వచ్చిపడతాయి. అది చట్టపరమైన చిక్కు.

3. నంబర్లను అక్షరం అక్షరం పోల్చండి

లేబుల్ ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. దానిపై సాధారణంగా తయారీదారు హార్డ్‌వేర్ నంబరు, కారు కంపెనీ పార్టు నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు వేరువేరుగా ఉంటాయి. ఉదాహరణకు బాష్ ఈసీయూపై నంబరు 0 281తో మొదలైతే అది డీజిల్ ఇంజిన్‌ది, 0 261తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌ది. నకలు చేయడానికి హార్డ్‌వేర్ నంబరు పూర్తిగా కలవాలి. సాఫ్ట్‌వేర్ నంబరు తేడా ఉన్నా నకలు దారిలో ఫరవాలేదు, ఎందుకంటే అది ఎలాగూ మీ పాతదానితోనే నిండుతుంది. వాడినదాన్ని నేరుగా జత కలిపే దారిలో మాత్రం గేర్‌బాక్స్ రకం, ఉద్గార ప్రమాణం కూడా కలవకపోతే బండి స్టార్టయినా సరిగా నడవదు.

పార్టు నంబరు చివరి ఒక్క అక్షరాన్ని “అదేం పట్టింపు లేదు” అని అమ్మేవారు తేలిగ్గా కొట్టిపారేస్తారు. రాతపూర్వకంగా వాపసు హామీ ఇస్తేనే ఆ మాట నమ్మండి. లేబుల్ గీకేసి ఉన్న పెట్టెను అసలు తీసుకోకండి.

4. పాత డేటాను కాపీ తీయండి

ఈ దశ పూర్తయ్యే వరకు పాత ఈసీయూను ఎక్స్‌చేంజ్ కింద ఎవరికీ ఇవ్వకండి. మీ బండి రహస్యం ఉన్నది దానిలోనే.

పాత తరం ఈసీయూలలో ఇమ్మొబిలైజర్ డేటా 24సీ02, 93సీ56, 95080 వంటి ఎనిమిది కాళ్ల చిన్న ఈఈప్రామ్ చిప్‌లో (కరెంటు పోయినా డేటా చెరగని మెమరీలో) ఉంటుంది. కొత్త వాటిలో ప్రాసెసర్ లోపలి మెమరీలోనే ఉంటుంది. మొదటి రకానికి మూత తీయాలి, రెండో రకానికి బెంచ్ మీద కనెక్టర్ ద్వారా లేదా బూట్ మోడ్‌లో (ప్రాసెసర్‌ను ప్రత్యేక స్థితిలో మొదలుపెట్టి) చదవాలి. మూతకు వేసిన జిగురు గట్టిది. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే లోపలి బోర్డు వంగి, ప్రాసెసర్ కింది టంకం పగులుతుంది. మూతను మెల్లగా వేడిచేసి, అంచు వెంట పలుచని బ్లేడుతో తిప్పుతూ తీయండి. చేతికి యాంటీస్టాటిక్ పట్టీ ఉండాలి.

చదివేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పులు ఇవి:

- చిప్‌ను బోర్డు మీదే క్లిప్‌తో పట్టి చదివితే, క్లిప్ నుంచి వెళ్లిన కరెంటుతో ప్రాసెసర్ మేల్కొని మధ్యలో జోక్యం చేసుకోవచ్చు. కనీసం మూడుసార్లు చదివి ఫైళ్లను పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా ఆ కాపీ పనికిరాదు. చిప్‌ను విప్పి బయట చదవాలి.
- ఫైలంతా ఎఫ్ఎఫ్ లేదా 00తో నిండి ఉంటే మీరు చదివింది డేటా కాదు, సరిగా తగలని క్లిప్‌ను.
- 93సీ శ్రేణి చిప్‌లలో చాలావరకు 8 బిట్ల లేదా 16 బిట్ల అమరికలో పనిచేస్తాయి. ప్రోగ్రామర్‌లో అమరిక తప్పుగా ఎంచుకుంటే బైట్ల వరుస జంటజంటగా తారుమారవుతుంది. చదివిన అమరికలోనే రాయాలి. ఫైలులో ఛాసిస్ నంబరు ఉంటే, దాని అక్షరాలు సరైన వరుసలో కనిపిస్తున్నాయో చూస్తే ఈ సందేహం తీరిపోతుంది.
- సాకెట్ ద్వారా “చదివే” కొన్ని పరికరాలు నిజానికి ఈసీయూను చదవవు. సాఫ్ట్‌వేర్ నంబరు కనుక్కుని తమ సర్వర్ నుంచి కంపెనీ ఫైలును దించి ఇస్తాయి. దానిని వర్చువల్ రీడ్ అంటారు. ఆ ఫైలులో మీ బండి ఇమ్మొబిలైజర్ డేటా ఉండదు. అది ఉందనుకుని పాత ఈసీయూను వదులుకున్నవారికి తిరిగి వెళ్లే దారి లేదు.

కాపీలను రెండు వేర్వేరు చోట్ల దాచండి. స్కానర్‌కు పాత ఈసీయూ పలికితే, డీజిల్ బండిలో ఇంజెక్టర్ కోడ్‌లను, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి, బూడిద విలువలను, ఇతర సెట్టింగులను కూడా అప్పుడే రాసిపెట్టుకోండి.

5. కోడ్‌లను, కరెంటును సిద్ధం చేసుకోండి

మూడు, నాలుగు దారుల్లో చాలా కంపెనీలు భద్రతా కోడ్ అడుగుతాయి. ఓపెల్ కార్ పాస్, ఫియట్ కోడ్ కార్డు వంటివి బండి కొత్తగా ఉన్నప్పుడే యజమానికి ఇచ్చినవి; పాత కాగితాల్లో వెతకండి. లేకపోతే యాజమాన్య పత్రాలతో అధీకృత సర్వీస్ సెంటర్‌ను అడగాలి. చాలా కొత్త బండ్లలో కోడ్ చేతికే రాదు; పని మొత్తం కంపెనీ సర్వర్ ద్వారానే నడుస్తుంది.

కోడ్‌ను ఊహించి కొట్టకండి. ప్రతి తప్పు ప్రయత్నంతో నిరీక్షణ సమయం పెరుగుతూ పోయే వ్యవస్థలున్నాయి. అలాంటి వాటిలో ఆ సమయం గడవాలంటే ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉండాలి. బ్యాటరీ తీసి పెట్టినంత మాత్రాన లెక్క చెరిగిపోదు.

ఇక కరెంటు సంగతి. ప్రోగ్రామింగ్ సాగినంతసేపూ వోల్టేజీ 13 నుంచి 13.8 మధ్య కదలకుండా ఉండాలి. మామూలు చార్జర్ ఇచ్చే కరెంటులో అలల్లాంటి ఒడిదుడుకులు ఉంటాయి, అవి సమాచారాన్ని చెడగొడతాయి. ఏసీ, లైట్లు, స్టీరియో ఆపండి. ఫ్లాష్ (ఈసీయూలో సాఫ్ట్‌వేర్ రాయడం) జరుగుతుండగా రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా పూర్తి వేగంతో తిరగడం చాలా బండ్లలో మామూలే. ఈసీయూ అదుపు లేనప్పుడు ఫ్యాన్ తనను తాను రక్షణ స్థితిలో పెట్టుకుంటుంది. ఆ మోతకు భయపడి ఇగ్నిషన్ ఆపేయకండి, కానీ ఆ ఫ్యాన్ లాగే కరెంటును కూడా మీ పవర్ సప్లై మోయగలగాలి. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు కలిపి, నిద్రలోకి వెళ్లే ఏర్పాటును, ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపి, వీలైతే వైఫైకి బదులు కేబుల్ వాడండి.

6. ప్రోగ్రామ్ చేయండి

*నకలు దారి.* పాతదాని ఫ్లాష్ మెమరీనీ (సాఫ్ట్‌వేర్ ఉండే చోటు) ఈఈప్రామ్‌నూ రెండింటినీ రాయండి, ఒక్కదానితో సరిపెట్టకండి. రాసే ముందు, తెచ్చిన ఈసీయూ సొంత డేటాను కూడా కాపీ తీయండి. రాసిన తర్వాత మళ్లీ చదివి, ఫైలుతో పోల్చి, అప్పుడే మూత మూయండి. మూత అంచుకు కొత్త జిగురు పూర్తిగా వేయకపోతే మొదటి వానకే పని మళ్లీ మొదటికొస్తుంది.

*కొత్త ఈసీయూ దారి.* వరుస ముఖ్యం: మొదట సాఫ్ట్‌వేర్, తర్వాత ఛాసిస్ నంబరు, సెట్టింగులు, తర్వాత ఇమ్మొబిలైజర్. మీ స్కానర్ వేరే వరుస చెబితే దానినే పాటించండి. ఛాసిస్ నంబరును ఒక్కసారే రాయనిచ్చే ఈసీయూలున్నాయి. ఆ 17 స్థానాల్లో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలు ఎక్కడా ఉండవు. అలా కనిపిస్తే అది ఒకటో సున్నానో అని గ్రహించండి. అమెరికాలో 2004 మోడల్ నుంచి కంపెనీలు జే2534 పద్ధతి (వేర్వేరు కంపెనీల బండ్లకు ఉమ్మడి ప్రమాణం) పరికరాలతో రీప్రోగ్రామింగ్‌కు వీలు కల్పించాలి కాబట్టి అక్కడి బండ్లకు స్వతంత్ర మెకానిక్ కూడా ఈ పని చేయగలడు. కానీ ఇమ్మొబిలైజర్ భాగానికి విడిగా గుర్తింపు, అనుమతి అడుగుతారు.

*వాడిన ఈసీయూ దారి.* ఇక్కడ కంపెనీకో రీతి. ఫోక్స్‌వ్యాగన్ సమూహపు మూడో తరం ఇమ్మొబిలైజర్‌లో మీ మీటర్ బోర్డు కోడ్‌తోపాటు, ఆ ఈసీయూ అంతకుముందు ఉన్న బండి కోడ్ కూడా కావాలి. అమ్మేవారిని కొనకముందే అడగండి. రెనో బండ్లలో ఒకసారి కోడ్ నేర్చుకున్న ఈసీయూ రెండో కోడ్‌ను తనంతట తాను నేర్చుకోదు. దానిని ముందు ఖాళీ స్థితికి తేవాలి. కొన్ని టయోటా మోడళ్లలో సాకెట్ 4, 13 పిన్నులను కలిపి 30 నిమిషాలు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచితే ఈసీయూ, ఇమ్మొబిలైజర్ ఒకదానినొకటి గుర్తిస్తాయి. జనరల్ మోటార్స్ పాత బండ్లు కొన్నింట్లో సెక్యూరిటీ దీపం ఆరేవరకు, అంటే సుమారు పది నిమిషాలు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి ఆపడాన్ని మూడుసార్లు చేయాలి. మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఆ పద్ధతి ఉంటేనే పిన్నులు కలపండి. సాకెట్‌లో 16వ పిన్నుకు నేరుగా బ్యాటరీ వస్తుంది. తప్పు పిన్ను తగిలితే కొత్త ఖర్చు మొదలవుతుంది.

ఇమ్మొబిలైజర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే తీసేద్దామని ఎవరైనా సలహా ఇస్తే, అది బండి దొంగతనానికి తలుపు తీయడమేనని, బీమా సంస్థ ప్రశ్నించవచ్చని, తర్వాత ఎప్పుడైనా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే బండి మళ్లీ ఆగిపోవచ్చని గుర్తుంచుకోండి. ఆ పని నేను ఎవరికీ సూచించను.

7. తాళాలను నేర్పించండి

చాలా వ్యవస్థల్లో తాళాలు నేర్పడం మొదలుపెట్టగానే పాతవన్నీ చెరిగిపోతాయి కాబట్టి తాళాలన్నీ దగ్గర ఉండాలి. ఫోర్డ్ బండ్లు కొన్నింట్లో చెరిపిన తర్వాత కనీసం రెండు తాళాలు నేర్పితే తప్ప ఇంజిన్ అందుకోదు. ఒకే గుత్తిలో రెండు చిప్ తాళాలు ఉంచి ప్రయత్నించకండి. యాంటెన్నా దగ్గర రెండూ ఒకేసారి పలికితే ఏదీ అర్థం కాదు. మరో బండికి లాక్ అయిన చిప్‌లు చాలా రకాల్లో తిరిగి వాడటానికి రావు.

8. మధ్యలో ఆగిపోతే

స్కానర్ చూపే తిరస్కరణ కోడ్‌ను రాసుకోండి. కొత్త బండ్లలో వాడే యూడీఎస్ (స్కానర్, ఈసీయూ మాట్లాడుకునే ప్రామాణిక భాష) పద్ధతిలో ఆ కోడ్‌ల అర్థాలు స్థిరం: 35 అంటే కోడ్ తప్పు, 36 అంటే ప్రయత్నాలు మించిపోయాయి, 37 అంటే నిరీక్షణ సమయం ఇంకా పూర్తి కాలేదు, 33 అంటే అనుమతి లేదు, 22 అంటే పరిస్థితులు సరిగా లేవు (వోల్టేజీ, ఇగ్నిషన్ స్థితి చూడండి). 78 అసలు తప్పే కాదు. “పని జరుగుతోంది, ఆగండి” అని. దానిని చూసి కేబుల్ లాగేసినవారే ఈసీయూను పాడుచేసుకుంటారు.

ఫ్లాష్ సగంలో తెగితే ఇగ్నిషన్ ఆపకుండా, కరెంటు తీయకుండా అదే పనిని అదే స్కానర్‌తో మళ్లీ మొదలుపెట్టండి. బూట్ భాగం చెడకపోతే చాలా ఈసీయూలు రెండో ప్రయత్నాన్ని స్వీకరిస్తాయి. అప్పటికీ పలకకపోతే బెంచ్ మీద 4వ దశ ఫైళ్లతో తిరిగి నింపడమే మార్గం.

9. ఫలితాన్ని సరిచూడండి

బండి ఒకసారి స్టార్టయితే పని అయిపోయిందనుకోకండి.

- థ్రాటిల్ అడాప్టేషన్, ఇంజెక్టర్ కోడ్‌లు, అవసరమైన బండ్లలో క్రాంక్ సెన్సర్ నేర్పింపు పూర్తిచేయండి. ఐడిల్ ఊగుతున్నా, డీజిల్ ఇంజిన్ టకటకలాడుతున్నా ఇవి మిగిలిపోయినట్టే. నకలు దారిలో ఈ విలువలు చాలావరకు డేటాతోపాటే వస్తాయి.
- ఈసీయూ నుంచి చదివిన ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన నంబరుతో కలవాలి. పీ0630 కోడ్ వస్తే ఆ నంబరు రాయలేదని లేదా కలవలేదని అర్థం.
- కోడ్‌లన్నీ తుడిచి, బండిని నడిపి, మళ్లీ చదవండి. పీ0601, పీ0602 మళ్లీ వస్తే రాసిన ఫైలే సరికాకపోవచ్చు.
- ప్రతి తాళంతోనూ విడివిడిగా స్టార్ట్ చేయండి. బండిని లాక్ చేసి రాత్రంతా వదిలేసి ఉదయం మళ్లీ చేయండి. మాడ్యూళ్లు పూర్తిగా నిద్రపోయి లేచిన తర్వాతే కొన్ని దోషాలు బయటపడతాయి.
- చివరగా ఇమ్మొబిలైజర్ పనిచేస్తోందో లేదో చూడండి. తాళం తలకు అల్యూమినియం రేకు దట్టంగా చుట్టి తిప్పండి. ఇంజిన్ అందుకోకూడదు, మీటర్‌లో సెక్యూరిటీ దీపం మెరవాలి. రేకు సందుల్లేకుండా చుట్టినా అందుకుంటే, ఎక్కడో ఇమ్మొబిలైజర్‌ను తీసేసిన ఫైలు మీ బండిలోకి వచ్చింది. బటన్ స్టార్ట్ బండ్లకు ఈ పరీక్ష వర్తించదు. వాటిలో తాళాన్ని దూరంగా ఉంచి చూడాలి.

ఈ పరీక్షలన్నీ గట్టెక్కి కొన్ని వారాలు బండి సవ్యంగా నడిచే వరకు పాత ఈసీయూను పొడిగా దాచండి. తర్వాత దానిని ఎవరికైనా ఇవ్వాలనుకుంటే, లోపలి ఇమ్మొబిలైజర్ డేటాను చెరిపించి ఇవ్వండి, ఎందుకంటే మీ బండి ఇప్పటికీ వాడుతున్న రహస్యం దానిలోనూ ఉంది.